కాళ్ళు చూసి పట్టే స్వరం

మంగళవారం పొద్దున గిన్నెలు కడగడం అయ్యాక అవెరిల్ చేతులు తుడుచుకుని, వంటింటి బల్ల మీది రొట్టె పొడి దులిపి, కంప్యూటర్ తెరిచేది. పదకొండేళ్ళుగా అదే వరస. బడిలో సంగీతం టీచరుగా రిటైరైన మర్నాటి నుంచి ఆవిడకి ఒకటే పని. హేజెల్‌కూంబ్ ఊళ్ళో మోరిస్ అనే పాతకాలపు పల్లె నాట్యానికి ఫిడేలు మీద వాయించే వరసల్ని ఒక్కొక్కటే అక్షరాల్లోకి ఎక్కించడం. స్వరానికో అక్షరం, అది ఎంతసేపు పలకాలో చెప్పడానికి పక్కన ఒక అంకె. నాలుగు లైన్లు కొట్టి మీట నొక్కితే కంప్యూటర్ దాన్ని గీతల మీద చుక్కలుగా చూపించేది, అడిగితే వాయించి వినిపించేది. ఆవిడ వెబ్‌సైట్లో పెట్టినవాటిని ఒహాయోలోనూ మెల్‌బోర్న్‌లోనూ మోరిస్ ఆడేవాళ్ళు ఉచితంగా తీసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రుమాళ్ళు ఊపుతూ ఆడుకుంటున్నారు. సొంత ఊళ్ళో మాత్రం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదుగా.

నూట పద్నాలుగు వరసలు ఎక్కించింది. ఒక్కటి మాత్రం లొంగలేదు. దాని పేరు "మూడు గేట్ల దారి".

అది ఏటా ఎండాకాలం మొదట్లో వచ్చే విట్ సోమవారం పండగ నాడు ఊరి పచ్చిక మీద ఆఖర్న ఆడే ఆట. దాంట్లో ఒకచోట ఆరుగురిలోంచి ఒక్కడు ముందుకొచ్చి ఎగురుతాడు. ఫిడేలు ఒక స్వరాన్ని పట్టుకుని ఆగుతుంది. ఆ స్వరం నడిచినంతసేపూ ఎగిరినవాడు గాల్లోనే ఉంటాడు. స్వరం దిగితే వాడూ దిగుతాడు. హేజెల్‌కూంబ్‌లో ఇది వింతేం కాదు. కింద చంటిపిల్లల తోపుడు బళ్ళు పెట్టొద్దని తల్లులకి ముందే చెప్తారు, అంతే. ఒక ఏడాది పైనున్నవాడు పబ్బు కప్పు మీద జారిన పెంకుల్ని చూసి, దిగాక యజమానికి చెప్పి, ఒక పైంటు బీరు సంపాదించుకున్నాడు.

అవెరిల్ ఈ వరసని అరవై విట్ సోమవారాలు విన్నది. కానీ వినడమే, చూడటం లేదు. ఆడవాళ్ళ చోటు టీ గుడారంలో. పెద్ద కెటిళ్ళ మధ్య నిలబడి కేకు కోస్తుంటే జనం తలల మీదుగా ఎగిరినవాడి టోపీ, దాని మీది పూలు కనిపించేవి. అంతే. ఇంట్లోనూ అలాగే జరిగింది. తండ్రి ముందు గదిలో అన్న క్లెమ్‌ని కూర్చోబెట్టి ఫిడేలు నేర్పుతుంటే, అవెరిల్ గోడ వెనక గిన్నెలు తోముతూ మొత్తం చెవులతోనే నేర్చుకుంది. తర్వాత సొంత జీతంతో ఒక పాత ఫిడేలు కొనుక్కుని వాయించింది కూడా. వంటింట్లో.

చిక్కల్లా ఆ పట్టిన స్వరం పక్కన ఏ అంకె వెయ్యాలన్నదే. గుడారంలో కేకు కత్తితో బల్ల మీద దరువేస్తూ లెక్కపెట్టి, ఏటేటా నోటు పుస్తకంలో రాసుకుంది. ఒక ఏడు ఆరు దరువులు. ఒక ఏడు పదకొండు. ఇంకో ఏడు ఏడున్నర. కంప్యూటర్‌కి ఈ వేషాలన్నీ తెలీవు. దానికి ఒక్క అంకె కావాలి, లేకపోతే ఆ లైను మొత్తం ఎర్రగా చూపిస్తుంది. తండ్రి తర్వాత పచ్చిక మీద వాయించేది క్లెమే. అడిగితే, "నీకెందుకే అవన్నీ" అని పైపు వెలిగించుకునేవాడు.

మార్చిలో క్లెమ్‌కి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది, మాట నిలబడింది, కానీ ఎడమ చేతి వేళ్ళు చచ్చుబడ్డాయి. ఫిడేలు మీద స్వరం పుట్టేది ఆ వేళ్ళ కిందే.

విట్ సోమవారం ఇంకా పది వారాలుందనగా మోరిస్ జట్టు పబ్బు వెనక గదిలో సమావేశమైంది. జట్టుకి పెద్ద డెంజిల్. స్క్వైర్ అంటారు. అవెరిల్‌తో ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదివినవాడు. చక్రాల కుర్చీలో క్లెమ్ వచ్చాడు. క్లెమ్ కొడుకు రూఫస్ వచ్చాడు. రూఫస్‌కి ఇరవై ఏడేళ్ళు, పొలాల చుట్టూ సున్నం లేకుండా రాతి గోడలు కట్టడం వాడి పని. ఊళ్ళో వాడంత ఎత్తు ఎగిరేవాడు లేడు. పిలవకపోయినా అవెరిల్ కూడా వచ్చింది, కోటు విప్పకుండానే నిలబడి చెప్పింది.

"నేను వాయిస్తాను."

ఒకడు బీరు గ్లాసు కింది అట్టముక్కని తిప్పుతూ కూర్చున్నాడు.

"వాయించలేవని కాదు అవెరిల్," అన్నాడు డెంజిల్. "మనదొక పద్ధతి ఉంది."

"పక్క ఊళ్ళో ఆడవాళ్ళ జట్టే ఉంది."

"అందుకే అది పక్క ఊరు."

గదంతా నవ్వింది. డెంజిల్ పట్టిన కుందేలుకి చిన్నప్పటి నుంచీ మూడే కాళ్ళు. అయినా న్యాయంగా ఉండాలని ఆటగాళ్ళని చేతులెత్తమన్నాడు. ఆడమనిషి వాయించడానికి వీల్లేదనేవాళ్ళు ఎత్తాలి. అయిదు చేతులు వెంటనే లేచాయి. ఆరోది రూఫస్‌ది. అది కాస్త ఆలస్యంగా, భుజం దాకానే లేచింది. కానీ లేచింది. అవెరిల్ చూసింది. ఆ పిల్లాడికి బూట్ల తాడు కట్టడం నేర్పింది తనే. క్లెమ్ వంక చూస్తే ఆయన చచ్చుబడిన చేతిని బాగున్న చేత్తో ఒళ్ళో సర్దుకుంటున్నాడు.

"మరి ఈ ఏడు ఆట లేనట్టేనా?" అన్నాడెవరో.

"ఎందుకు లేదు? అవెరిల్ కంప్యూటర్ ఉందిగా," అన్నాడు డెంజిల్. "అన్నీ దాంట్లో ఎక్కించానని పత్రికలో కూడా వేయించుకుంది. దాన్ని లౌడ్‌స్పీకర్‌కి తగిలిద్దాం. నువ్వు పక్కన కూర్చుని మీట నొక్కు అవెరిల్. దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు."

ఆవిడ చెయ్యి పనికిరాదు, ఆవిడ చేసిన పని పనికొస్తుంది. ఇంటికెళ్ళే దారంతా అవెరిల్ ఆ మాటనే నములుతూ నడిచింది. రానని కబురు పెడదామనుకుంది. కానీ పెడితే ఆట ఆగిపోతుంది. ఒక ఏడు ఆగింది మళ్ళీ మొదలవదని ఎన్ని ఊళ్ళలో చూడలేదు? వరస బతకాలి, అభిమానం సంగతి తర్వాత అని సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకుని సర్దిచెప్పుకునే అరవై మూడేళ్ళు వచ్చాయి.

మర్నాడు అన్న ఇంటికెళ్ళింది.

"అన్నయ్యా, ఇప్పుడైనా చెప్పు. ఆ స్వరం ఎన్ని దరువులు పట్టాలి?"

క్లెమ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. "నాలుగు."

"నువ్వెప్పుడూ నాలుగు పట్టలేదు. ఆరుకి తగ్గలేదు."

"అదంతా నా పొగరు. నాన్న వాయించింది నాలుగే. రాసుకో."

నాన్న వాయించింది! వరసలు పోగుచేసేవాళ్ళకి ఆ మాట చాలు, ఇక కళ్ళు కనపడవు. అసలు రూపం దొరికింది, మిగతావన్నీ మధ్యలో వచ్చిన వేషాలు. అవెరిల్ నోటు పుస్తకంలోని ఆరునీ పదకొండునీ అడ్డంగా కొట్టేసి, ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళి నాలుగు అని కొట్టింది. ఎర్ర లైను నల్లబడింది. కంప్యూటర్ మూడు గేట్ల దారిని మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా తడబడకుండా వాయించింది. ఆ సాయంత్రమే దాన్ని వెబ్‌సైట్లో కూడా పెట్టేసింది. ఆనందంతో ఒక గ్లాసు షెర్రీ తాగింది, ఒక్కతే.

విట్ సోమవారం ఎండ బాగా కాసింది. పబ్బు ముందు పచ్చిక మీద లౌడ్‌స్పీకర్ నిలబెట్టి, దాని పక్కన మడత బల్ల వేసి, అవెరిల్‌ని కూర్చోబెట్టారు. టీ గుడారంలో కాకుండా ఆట ముందు కూర్చోవడం ఆవిడకి అదే మొదలు. తెల్ల బట్టలు, మోకాళ్ళ కింద గజ్జెలు, ఆరు జతల కాళ్ళు ఇంత దగ్గర్లో. టోపీలే తెలిసిన మనిషికి కాళ్ళు కొత్త. నేలని తన్ని లేచే ప్రతిసారీ మడమలు ముందు వదిలి, వేళ్ళు చివర్న వదలడం గమనించింది. క్లెమ్ కుర్చీని ఆవిడకి ఎదురుగా, జనం ముందు వరసలో పెట్టారు.

ఆఖరి ఆట వచ్చింది. అవెరిల్ మీట నొక్కింది. రూఫస్ ముందుకొచ్చి, రెండు రుమాళ్ళూ విసిరి, ఎగిరాడు.

అంత ఎత్తు వాడెప్పుడూ ఎగరలేదు. పబ్బు బోర్డు దాటి, మేడ మీది కిటికీ దాటి పోయాడు. కంప్యూటర్ స్వరం పట్టింది. ఒకటి. రెండు. వాడింకా పైకే పోతున్నాడు. మూడు. అవెరిల్ క్లెమ్ వంక చూసింది. క్లెమ్ కళ్ళు వాడి కాళ్ళ మీదే ఉన్నాయి, బాగున్న చెయ్యి గాల్లో కమాను పట్టుకున్నట్టు సాగుతూనే ఉంది. నాలుగు.

కంప్యూటర్ ఆ స్వరాన్ని వదిలేసి తన దారిన తను ముందుకు పోయింది. రూఫస్ రాయిలా పడ్డాడు.

అవెరిల్ నోరు తెరిచి ఆ స్వరాన్ని అందుకుంది. ఆలోచించి చేసింది కాదు, చంటిపిల్ల బల్ల మీంచి దొర్లుతుంటే చెయ్యి అడ్డం పెట్టినట్టు అయింది. కిటికీ దగ్గర రూఫస్ ఆగాడు. ఆవిడ కాళ్ళనే చూస్తూ స్వరాన్ని కొంచెం కొంచెం కిందికి దించింది. బూటు కిందికి మళ్ళితే గొంతు మెత్తబడింది, మోకాలు తడబడితే గట్టిపడింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. ఆ స్వరానికి అంకె లేదు. ఎప్పుడూ లేదు. కాళ్ళు ఎంతంటే అంత. ఆరూ పదకొండూ ఏడున్నరా అన్నీ నిజాలే. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఆవిడకి కావలసింది ముందు వరసలో ఒక కుర్చీ.

అరవై మూడేళ్ళ ఊపిరి ఎంతని వస్తుంది? తొమ్మిది, పది, పదకొండు. మొహం నల్లబడింది. వాణ్ణి నేలకి దించే చివరి స్వరం ఇంకా పాడనేలేదు. నేలకి వేలెడు ఎత్తుండగా ఊపిరి అయిపోయింది. గొంతు తెగలేదు, పక్క స్వరానికి మళ్ళలేదు, సన్నబడి ఆగిపోయింది. రూఫస్ కూడా అక్కడే ఆగిపోయాడు, గడ్డి మీద వేలెడు ఎత్తున. ఈలోగా కంప్యూటర్ ఆఖరి లైనుకొచ్చింది, మిగతా అయిదుగురూ దానితో పాటు ముగించి రుమాళ్ళు పైకెత్తారు. జనం చప్పట్లు కొట్టారు.

డెంజిల్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మధ్యలో పాడమని నిన్నెవరడిగారు? ఆట చెడింది."

అవెరిల్ లేచి నేరుగా అన్న దగ్గరికి వెళ్ళింది.

"నాలుగన్నావు."

"ఏదో ఒకటి చెప్పకపోతే వదిలేదానివా?" క్లెమ్ తల ఎత్తలేదు. "నేనెప్పుడూ లెక్కపెట్టలేదే. కాళ్ళు చూసి పట్టేవాణ్ణి."

"ఆ ముక్క చెప్పడానికేం? కాళ్ళు చూడాలని ఒక్క ముక్క."

"చెప్తే నువ్వు నాలాగా వాయించేసేదానివి."

"అక్కడ ఎగిరింది నీ కొడుకు అన్నయ్యా!"

క్లెమ్ పెదవి వణికింది. ఏడుస్తున్నాడో, పక్షవాతం వల్లో ఆవిడకి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఎత్తి పట్టినవాళ్ళే దించాలన్నది హేజెల్‌కూంబ్‌లో అందరికీ తెలిసిన సంగతే. చేతులు మారితే చెల్లదు. పాతకాలంలో ఒక ఫిడేలువాడు మధ్యలో సొమ్మసిల్లితే, వాడికి తెలివొచ్చేదాకా ఆటగాడు రాత్రంతా చర్చి గోడ మీదుగా వేలాడుతూ ఉన్నాడట. కాబట్టి రూఫస్ దిగాలంటే అవెరిల్ ఆ స్వరాన్ని మళ్ళీ అందుకుని చివరి స్వరం పలికించాలి. నిమిషం పని.

"నీ ఇంట్లో ఆ నిమిషం పని కానిచ్చెయ్," అన్నాడు డెంజిల్, మర్నాడు గుమ్మంలో నిలబడి. "ఎవరికీ తెలియక్కర్లేదు. అలాగే ఆ అంకె కూడా మార్చి ఎనిమిది పెట్టు."

"అంకె లేదు దానికి. వాణ్ణి ఎత్తింది పచ్చిక మీద, నలుగురి ముందు. అక్కడే దించుతాను. ఫిడేలుతో, జట్టు పక్కన నిలబడి."

"అది కుదరదని తెలుసుగా."

"అయితే ఇదీ కుదరదు."

ఆ తర్వాత ఆవిడ వెబ్‌సైట్లో నాలుగు అంకె తీసేసి, అక్కడ మాటల్లో రాసింది, ఎగిరినవాడి కాళ్ళు చూసి పట్టండి అని. వారం తిరక్కుండా ఒహాయో నుంచి ఉత్తరం వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. మీరు రాసిన మాటని మా కంప్యూటర్ చదవడం లేదు, దయచేసి అంకె చెప్పగలరా, పాత నాలుగు మాకు చాలా సుఖంగా ఉండేది అని.

రూఫస్ వేలెడు ఎత్తులోనే బతకడం మొదలుపెట్టాడు. ఊరికి రెండు రోజుల్లో అలవాటైపోయింది. బూట్లు అరగవు అదృష్టవంతుడివని పోస్ట్‌మాన్ మేలమాడాడు. కానీ రాతి గోడ కట్టేవాడికి కాళ్ళ కింద నేల కావాలి. బండ ఎత్తబోతే తనే వెనక్కి జారిపోయేవాడు. ఆగస్టుకల్లా పెద్ద పనులు పోయాయి. చలికాలానికి చిన్నవీ పోయాయి. సాధన రోజున గజ్జెలు కట్టుకుని జట్టులో నిలబడితే, అందరూ నేలని తన్నినప్పుడు వీడి కాలు గాల్లో ఆడేది, దరువు తప్పేది. రెండు నెలలు చూసి డెంజిల్ వాణ్ణి పక్కన కూర్చోమన్నాడు. నవంబరులో క్లెమ్ పోయాడు. తండ్రి శవపేటిక మోసేటప్పుడు రూఫస్ వైపు మాత్రం ఎత్తు పెరుగుతోందని, వాడి బదులు ఇంకొకణ్ణి పెట్టారు.

అవెరిల్ ఇవన్నీ చూసింది. నిద్ర పట్టేది కాదు. ఒక గంట పంతాన్ని తిట్టుకునేది, ఒక గంట ఆరో చెయ్యి గుర్తొచ్చి మళ్ళీ రాయైపోయేది. రోజూ ఫిడేలు శ్రుతి చేసి పెట్టుకోవడం మాత్రం మానలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, బయట వాన వెలిసి దారంతా జారుడు బురదగా ఉన్నప్పుడు, పెరటి తలుపు తట్టి రూఫస్ వచ్చాడు. చిక్కిపోయాడు. టీ ఇచ్చింది, తాగలేదు.

"అత్తా, నావల్ల కావట్లేదు. దించెయ్."

"పచ్చిక మీద కదూ అన్నాను."

"వాళ్ళు ఒప్పుకోరని నీకూ తెలుసు. రాళ్ళ పని లేకపోతే నేనేం చెయ్యను? ఇంకే పనీ రాదు నాకు." వాడు కప్పు పక్కకి నెట్టాడు. "నేను చెయ్యెత్తాను ఆ రోజు. తప్పే. కొట్టు కావాలంటే."

అవెరిల్ మేనల్లుణ్ణి చూసింది. తొమ్మిది నెలల పంతం ఒక్కసారిగా కరిగిపోయింది. ఏం సాధిద్దామని వీడి కడుపు కొడుతున్నాను అనుకుంది. పచ్చిక లేదు, జట్టు లేదు, వద్దు. ఈ వంటింట్లోనే, ఈ గిన్నెల మధ్యే కానీ. లేచి ఫిడేలు తీసింది. కమాను బిగించింది. గడ్డం కింద పెట్టుకుని, కళ్ళు వాడి బూట్ల మీద నిలిపింది.

"రా, వెలుగులో నిలబడు. కాళ్ళు కనపడాలి."

రూఫస్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీకి అవతల దారి, దారికి అవతల డెంజిల్ ఇల్లు. డెంజిల్ తోటలో గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. రూఫస్ ఒక్క క్షణం ఆగి, కర్టెన్ లాగేశాడు.

గది మసకబారింది.

అవెరిల్ కమాను తీగ మీద ఆనించే ఉంచింది, కదపలేదు.

"అది తియ్యి నాన్నా," అంది మెల్లగా.

"కాళ్ళు కనపడతాయిలే అత్తా, లైటు వేస్తాను."

"లైటు వద్దు. కర్టెన్ తియ్యి. పచ్చిక అడగట్లేదు నిన్ను. జట్టుని అడగట్లేదు. ఆ గుడ్డ ఒక్కటి పక్కకి జరుపు, ఇప్పుడే దించేస్తాను."

రూఫస్ చెయ్యి కర్టెన్ అంచు మీదే ఉంది. బయట డెంజిల్ కత్తెర చప్పుడు టక్ టక్ మని వినిపిస్తోంది. వాడు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆవిడ కూడా నిలబడింది, చెయ్యి నొప్పెట్టి భుజం లాగుతున్నా కమాను దించకుండా. అడగాల్సింది ఇంకేం మిగల్లేదు. ఇంతకన్నా తగ్గితే ఆవిడే మిగలదు.

"వాళ్ళతో మళ్ళీ ఆడాలి కదా అత్తా నేను," అన్నాడు చివరికి, తలుపు వైపు తిరుగుతూ.

పెరటి తలుపు మూసుకుంది. అవెరిల్ ఫిడేలు బల్ల మీద పెట్టి కాసేపు ఏడ్చింది, వాడి కోసమూ తన కోసమూ. తర్వాత బురద రోజుల్లో ఎవరొచ్చి వెళ్ళినా చేసే అలవాటు కొద్దీ తడిగుడ్డ పిండుకుని నేల తుడవడానికి వంగింది. తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా వెతికినా తుడవడానికి ఒక్క మరక లేదు.